పోర్టోలో పోర్ట్ వైన్: షుగర్ ఉన్నవాళ్లు భయపడాల్సింది తీపికి కాదు

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నాకు 57 ఏళ్లు, మాది విజయవాడ. ఎనిమిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టన్. ఈమధ్య మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.2 వచ్చింది. మా అబ్బాయి జర్మనీలో ఉంటాడు. సెప్టెంబరులో మేమిద్దరం వాడి దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి నాలుగు రోజులు పోర్చుగల్‌లోని పోర్టో చూసి రావాలనుకుంటున్నాం. చవక విమానం కాబట్టి మనిషికి ఒక చిన్న కేబిన్ బ్యాగే. పోర్టో దాకా వెళ్లి పోర్ట్ వైన్ రుచి చూడకుండా ఎలా వస్తారని అబ్బాయి అంటున్నాడు. నేను ఎప్పుడైనా ఫంక్షన్లలో రెండు పెగ్గులు తీసుకుంటాను. ఇది వైనే కదా, ఏమీ కాదని స్నేహితులు అంటారు. తియ్యగా ఉంటుందట, షుగర్ పెరిగిపోతుందని మా ఆవిడ టెన్షన్. ఆ రోజుల్లో మాత్ర మానేస్తే సరిపోతుందా? బ్యాగులో ఏవి తగ్గించుకోవచ్చు? మా ఆవిడకు థైరాయిడ్ ఉంది, తుమ్ములకు అప్పుడప్పుడు సెటిరిజిన్ వేసుకుంటుంది. తను కూడా కాస్త రుచి చూడొచ్చా?

జవాబు: ముందు మీ స్నేహితుల మాట తేల్చేద్దాం. పోర్ట్ మామూలు వైన్ కాదు. పోర్టో మీదుగా పారే డౌరో నది లోయలో ద్రాక్షరసం పులుస్తూ ఉండగానే, సగంలో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాయి అందులో కలుపుతారు. ఆ ఘాటుకు ఈస్ట్ చచ్చిపోయి పులియడం ఆగిపోతుంది. దాంతో ద్రాక్షలోని చక్కెర చాలావరకు అలాగే మిగిలిపోతుంది, ఆల్కహాల్ మాత్రం 19 నుంచి 22 శాతానికి చేరుతుంది. మామూలు వైన్‌లో అది 12 నుంచి 14 శాతం ఉంటుంది. తీపి వల్ల ఆ ఘాటు గొంతుకు తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

మీరు పెగ్గుల్లో లెక్క వేసుకునే మనిషి కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. మన దగ్గర విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం. 30 మి.లీ. చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 20 శాతం పోర్ట్ 60 మి.లీ. తాగితే శరీరంలోకి వెళ్లేది కూడా దాదాపు అంతే. అంటే అక్కడ మీకిచ్చే ఆ చిన్న గ్లాసు ఒక చిన్న పెగ్గుతో సమానం. పోర్టోకు ఎదురుగా డౌరో అవతల ఒడ్డున విలా నోవా ద గాయా అనే ఊళ్లో పోర్ట్‌ను పీపాల్లో నిల్వచేసే పాత గిడ్డంగులున్నాయి. యాత్రికులను లోపలికి తీసుకెళ్లి చూపించి, చివర్లో మూడు నాలుగు రకాలు వరసగా పోసి ఇస్తారు. పెట్టేది చిట్టి గ్లాసుల్లో కాబట్టి ఎవరూ లెక్కపెట్టుకోరు. నాలుగు పూర్తిచేస్తే రెండు పెద్ద పెగ్గులు అయినట్టే, అదీ చాలాసార్లు మధ్యాహ్నం నాలుగు గంటలకు, కడుపులో ఏమీ లేకుండా.

ఇక మీ శ్రీమతి గారి భయం. పోర్ట్‌లో చక్కెర లీటరుకు సుమారు 100 గ్రాములు ఉంటుంది. 60 మి.లీ. గ్లాసులో ఆరు గ్రాములు, అంటే ఒకటిన్నర చెంచాల పంచదార. మంచిదని అనను గానీ, మీరు ఫంక్షన్‌లో తినే ఒక గులాబ్ జామ్‌లో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు వైన్ అనగానే తీపి గురించే అడుగుతారు. మీరు వాడుతున్న మందులను బట్టి నాకున్న భయం దానికి పూర్తిగా అవతలి వైపుది. షుగర్ పెరగడం కాదు, అర్ధరాత్రి పడిపోవడం.

అది ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు ఇందులోనే ఉంది. మనం తినని వేళల్లో రక్తంలో గ్లూకోజ్ తగ్గకుండా చూసేది లివర్. తన దగ్గర దాచిన నిల్వలోంచి కొంత వదులుతుంది, కొంత కొత్తగా తయారుచేస్తుంది. ఆల్కహాల్ వచ్చిందంటే లివర్ ముందు దాన్ని విరగ్గొట్టే పనిలో పడుతుంది, కొత్త గ్లూకోజ్ తయారీ మందగిస్తుంది. ఆ రోజంతా పోర్టో మెట్ల వీధుల్లో ఎక్కి దిగి ఉంటారు కాబట్టి నిల్వ కూడా అప్పటికే తగ్గి ఉంటుంది. అక్కడి భోజనం సయించక ఒక బన్నుతో సరిపెట్టుకుంటే ఇంకా తగ్గుతుంది. మీ గ్లిమెపిరైడ్‌కు ఇవేవీ తెలియవు. మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. తాగిన గంటకు చూస్తే పోర్ట్‌లోని తీపి వల్ల మీటర్‌లో 190 కనిపించవచ్చు. తెల్లవారుజామున మూడింటికి అదే 60కి దిగవచ్చు. మర్నాడు పగలంతా కూడా పడిపోయే అవకాశం ఉంటుంది. అందుకే రాత్రి రీడింగ్ ఎక్కువగా ఉందని అదనంగా అర మాత్ర వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని. మీ ప్రశ్నలో అది లేదు గానీ, మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇలా చేసేవాళ్లు కనిపిస్తుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఇంకో ఇబ్బంది ఉంది. షుగర్ పడిపోయినప్పుడు చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం, తిక్కతిక్కగా ప్రవర్తించడం కనిపిస్తాయి. పక్కన ఉన్నవాళ్లకు అది తాగినవాడి వాలకంలాగే ఉంటుంది. నోట్లోంచి వైన్ వాసన కూడా వస్తుంటే, ‘ఎక్కువైంది, పడుకోనివ్వండి’ అంటారు. పడుకోనివ్వకూడదు. ఈ ముక్క మీ శ్రీమతి గారికి, అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. వేలి నుంచి చుక్క తీసి మీటర్‌లో చూడాలి. 70 కంటే తక్కువ ఉంటే, లేదా మీటర్ అందుబాటులో లేకపోతే, మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 112కు ఫోన్ చేయాలి. యూరప్ యూనియన్ దేశాలన్నిటిలో అత్యవసరానికి అదే నంబరు.

మరి తాగొచ్చా? ఆరోగ్యానికి మంచిదని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి. ఎంత తక్కువైనా ఆల్కహాల్‌కు సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. అలవాటు లేనివాళ్లు ఈ ట్రిప్ కోసం మొదలుపెట్టాల్సిన పని లేదు. మీరు అప్పుడప్పుడు తీసుకుంటూనే ఉన్నారు కాబట్టి, లివర్, కిడ్నీ పరీక్షలు బాగుంటే, కడుపు నిండా భోజనం చేశాక 60 మి.లీ. ఒక గ్లాసు తీసుకోవచ్చని నా అభిప్రాయం. నాలుగు రోజులూ వద్దు, ఒక రోజో రెండు రోజులో చాలు. పీపాల్లో ఏళ్లతరబడి మాగిన టానీ రకం అడగండి. అది నెమ్మదిగా చప్పరించేది కాబట్టి ఒక్క గ్లాసుతోనే తృప్తిగా ఉంటుంది. నాలుగు రకాలూ చూడాలనిపిస్తే నోట్లో తిప్పి ఉమ్మేయండి. దానికోసం అక్కడ గిన్నె పెడతారు, వైన్ వ్యాపారంలో ఉన్నవాళ్లు రోజూ చేసే పనే అది, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఎండకు అలిసిపోయి కూర్చున్నప్పుడు మాత్రం ఒక దాని విషయంలో జాగ్రత్త. వైట్ పోర్ట్‌లో టానిక్ వాటర్, ఐసు వేసి పెద్ద గ్లాసులో ఇస్తారు. నిమ్మ సోడాలా దిగిపోతుంది. టానిక్‌లో మళ్లీ చక్కెర ఉంటుంది, దాహంలో రెండోది అడగాలనిపిస్తుంది. మీరు టెల్మిసార్టన్ మీద ఉన్నారు. ఎండలో ఒంట్లో నీరు తగ్గి, పైన ఆల్కహాల్ పడితే లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పోర్టోలో నది ఒడ్డున ఉన్న రిబెయిరా పేటలో చాలా వీధులు రాళ్లు పరిచిన నిటారు మెట్లే. దాహానికి నీళ్లు తాగండి, పోర్ట్ సంగతి రాత్రి భోజనం తర్వాత చూసుకోవచ్చు.

మాత్ర మానేయడం గురించి అడిగారు. సొంతంగా మానేయకండి. కానీ అడగడం మంచిదైంది, ఎందుకంటే ఎక్కువ నడక, తక్కువ తిండి ఉండే రోజుల్లో రాత్రి గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాల్సి రావచ్చు. అది మీ డాక్టర్ మీ రీడింగులు చూసి నిర్ణయించాలి. బయల్దేరడానికి రెండు మూడు వారాల ముందే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్షలు చేయించి వెళ్లి కలవండి. లివర్‌లో కొవ్వు బాగా ఉన్నా, కిడ్నీ పనితీరు తగ్గినా నా జవాబు మారుతుంది, ఆ ఒక్క గ్లాసు కూడా వద్దంటాను. మెట్‌ఫార్మిన్ వల్ల ఒక గ్లాసుతో ఇబ్బంది రాదు. వాంతులు, విరేచనాలతో నీరసపడి ఉన్నప్పుడు మాత్రం ఒక్క చుక్క కూడా తాగకూడదు, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయే ప్రమాదం ఉంది. ఆ పరిస్థితిలో మెట్‌ఫార్మిన్ కూడా ఆపాలేమో డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలి. మీ చీటీలో లేదు గానీ, ఈమధ్య చాలామంది వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర మీద ఉన్నవాళ్లు భోజనం మానేసి తాగితే, రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ఐసీయూ దాకా వెళ్లే పరిస్థితి రావచ్చు. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నా.

విరేచనాల మాట వచ్చింది కాబట్టి, మనవాళ్లు ఊరు దాటితే బ్యాగులో వేసుకునే మాత్రల గురించి కూడా. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, టినిడజోల్ వేసుకుంటున్న రోజుల్లో, ఆపిన తర్వాత మూడు రోజుల వరకు ఆల్కహాల్ ముట్టకూడదు. ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. ఆఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు గ్లిమెపిరైడ్‌తో కలిసి షుగర్‌ను ఇంకా కిందికి లాగుతాయి. కాబట్టి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న, ఈ రెండు రకాలూ కలిసిన కాంబినేషన్ మాత్రలు తీసేసి, ఆ చోటులో నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి.

బ్యాగు బరువు తగ్గించాలంటే బట్టలు తగ్గించండి. మీటర్, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి, వేయించిన శనగలో మురుకులో ఒక పొట్లం, ఇవి తీయకండి. చోటు కలిసొస్తుందని మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి చింపి ఒకే డబ్బాలో పోయడం కూడా వద్దు, అక్కడ డాక్టర్‌కు చూపించాల్సి వస్తే ఏది ఏమిటో ఎవరికీ తెలియదు. కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేర్లు ఉన్న చీటీ వెంట ఉండాలి. చవక విమానాల్లో ఒక్కోసారి గేటు దగ్గర మీ కేబిన్ బ్యాగును తీసుకుని కింద సామాన్లలో వేస్తారు. అందుకే మందులన్నీ ఒక చిన్న సంచిలో విడిగా పెట్టి, శ్రీమతి గారి హ్యాండ్‌బ్యాగులో ఉంచండి.

సీసా తెచ్చుకోవడం గురించి మీరు అడగలేదు గానీ అబ్బాయి అడుగుతాడు. నిండు 750 మి.లీ. సీసా బరువు కిలో దాటుతుంది, పైగా చాలా విమానాశ్రయాల్లో సెక్యూరిటీ దగ్గర 100 మి.లీ. మించిన ద్రవాన్ని పోనివ్వరు. ఊళ్లో కొనకుండా సెక్యూరిటీ దాటాక విమానాశ్రయం దుకాణంలో కొంటే, బిల్లుతో పాటు సీల్ చేసిన సంచిలో ఇస్తారు. మధ్యలో విమానం మారుతుంటే ఇల్లు చేరేదాకా ఆ సీల్ తీయకూడదు. గదిలో తాగడానికని మాత్రం సీసా కొనకండి. తెరిచిన సీసా బ్యాగులో పట్టదు, పారేయడానికి మనసొప్పదు, చివరి రాత్రి ఇద్దరూ కలిసి ఖాళీ చేస్తారు. 375 మి.లీ. సగం సీసాలో కూడా దాదాపు ఆరు చిన్న పెగ్గులుంటాయి.

డౌరో లోయలోకి వెళ్లే ఆలోచన ఉంటే కారు అద్దెకు తీసుకోకండి. పోర్టో నుంచి లోయలోని రెగువా, పిన్యావ్ ఊళ్ల వరకు రైలు వెళ్తుంది, దారిలో కొంత దూరం నది వెంబడే. తాగి నడిపి ఏదైనా జరిగితే మీరు కట్టిన ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా ఆదుకోదు. చాలా పాలసీల్లో మద్యం వల్ల జరిగిన వాటికి మినహాయింపు రాసి ఉంటుంది, మీదీ ఒకసారి చదవండి. షుగర్, బీపీ ఉన్న సంగతి అందులో దాచకుండా రాయించండి.

మీ శ్రీమతి గారికి థైరాయిడ్ మాత్రతో ఇబ్బందేమీ లేదు, మామూలుగానే పొద్దున పరగడుపున వేసుకోమనండి. సెటిరిజిన్ వేసుకున్న రోజు మాత్రం వైన్ వద్దు, మగత పెరుగుతుంది. మిగతా రోజుల్లో ఇష్టమైతే మీ గ్లాసులోంచే ఒకటి రెండు గుక్కలు రుచి చూడొచ్చు. గ్లాసు తాగిన రాత్రి మీరు పడుకునే ముందు మీటర్‌లో చూసుకోండి. 120 కంటే తక్కువ ఉంటే రెండు బ్రెడ్ ముక్కలో, ఒక అరటిపండో తిని పడుకోండి. తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని ఇంకోసారి చూసుకుంటే మరీ మంచిది.