బెంగళూరు ఐసీయూ నుంచి సీఆర్ఎన్ఏ సీటు దాకా

ప్రశ్న: మేడమ్, మాది మదనపల్లె. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక బెంగళూరులో ఒక ప్రైవేటు హాస్పిటల్ మెడికల్ ఐసీయూలో నాలుగేళ్లుగా చేస్తున్నాను. అమెరికాలో నర్సులే మత్తు ఇస్తారని, వాళ్లను సీఆర్ఎన్ఏలు అంటారని, జీతం చాలా ఎక్కువని మా సీనియర్ చెప్పింది. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లను అడిగితే, మీకు ఐసీయూ ఎక్స్‌పీరియన్స్ ఉంది కాబట్టి స్టూడెంట్ వీసా మీద నేరుగా సీటు ఇప్పిస్తాం, ముందు రెండు లక్షలు కట్టండి అన్నారు. నాన్న పొలం మీద అప్పు తెస్తానంటున్నారు. కట్టమంటారా? అప్లికేషన్ గట్టిగా ఉండాలంటే ఏం చేయాలి?
- ఒక సోదరి, కేఆర్ పురం

జవాబు: కట్టొద్దమ్మా. ముందు నాన్నగారికి ఫోన్ చేసి అప్పు మాట ఆపించండి, మిగతాది తర్వాత చదువుదురుగాని.

జీతం గురించి మీ సీనియర్ చెప్పింది నిజమే, సగటున ఏడాదికి రెండు లక్షల డాలర్లు దాటుతుంది. కానీ కన్సల్టెన్సీ చెప్పిన దారి అసలు లేదు. అక్కడ ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే కౌన్సిల్ నిబంధన ప్రకారం, చేరేవాళ్లకు ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) కనీసం ఏడాది ఫుల్‌టైమ్ క్రిటికల్ కేర్, అంటే ఐసీయూ తరహా పని అనుభవం ఉండాలి, అది కూడా అమెరికాలోనో, దాని అధీనంలోని ప్రాంతాల్లోనో, బయట ఉన్న అమెరికా మిలిటరీ ఆసుపత్రిలోనో చేసినదై ఉండాలి. మీ నాలుగేళ్లు ఆ లెక్కలోకి రావు. పైగా ఏడాది అనేది కాగితం మీద కనీసం, నిజంగా సీట్లు తెచ్చుకునేవాళ్లలో చాలామందికి అంతకంటే ఎక్కువే ఉంటుంది.

కాబట్టి వరుస ఇది. సర్టిఫికెట్ల మదింపు, ఎన్‌క్లెక్స్ పరీక్ష (అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసేది, బెంగళూరులోనే సెంటర్ ఉంది), ఇంగ్లిషు పరీక్ష, వీసా స్క్రీన్ (విదేశీ నర్సుల చదువు, లైసెన్సు సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్), ఈబీ-3 (ఉద్యోగం ఆధారంగా గ్రీన్ కార్డు ఇచ్చే) కేటగిరీలో వెళ్లి అక్కడి ఐసీయూలో ఉద్యోగం, ఆ తర్వాతే సీఆర్ఎన్ఏ స్కూలు. మనవాళ్లకు ఈబీ-3 క్యూ ఏళ్ల తరబడి ఉంటుంది, ఆ మాట ఏ ఏజెంటూ ముందే చెప్పడు. ఒక మేలు మాత్రం ఉంది, ఆ దారిలో వెళ్తే గ్రీన్ కార్డుతోనే అడుగుపెడతారు, తర్వాత చదువు లోను విషయంలో అదే మీకు అక్కరకొస్తుంది.

మరి ఇక్కడి డ్యూటీలు వృథాయేనా? కానే కావు. నా లెక్కలో మీ అప్లికేషన్‌కు అసలు బలం ఇక్కడే తయారవ్వాలి. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో చూడండి. రాత్రి రెండింటికి సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయిన) పేషెంట్, బీపీ పెంచే నార్ఎడ్రినలిన్ పంపు రేటు పెంచుతూనే ఉన్నారు, ఎంఏపీ (సగటు రక్తపోటు) 65 దాటట్లేదు, డాక్టరు బీపీ పెంచే ఇంకో మందు వాసోప్రెసిన్ స్టార్ట్ చేయమన్నారు, మీరు సిరంజి లోడ్ చేసి, పంపు ఆన్ చేసి చార్టులో రాశారు. వాళ్ల ప్రశ్నలు అక్కడ మొదలవుతాయి. మొదటి మందే ఇంకా పెంచకుండా రెండోది ఎందుకు? రెండూ ఒకే రిసెప్టర్ (కణం మీద మందు అతుక్కునే చోటు) మీద పనిచేస్తాయా? పేషెంట్ వేళ్లు నల్లబడుతుంటే ఏం అనుకుంటారు? "డాక్టరుగారు ఆర్డర్ ఇచ్చారు" అంటే ఇంటర్వ్యూ అక్కడితో సరి. నార్ఎడ్రినలిన్ ముఖ్యంగా ఆల్ఫా-1 రిసెప్టర్ మీద, వాసోప్రెసిన్ వీ1 రిసెప్టర్ మీద పనిచేస్తాయి, దారులు వేరు కాబట్టి ఒకదాని డోసు మరీ పెంచకుండా ప్రెషర్ నిలబెట్టొచ్చు అని తడుముకోకుండా చెప్పగలగాలి.

మన దగ్గర రౌండ్స్‌లో సిస్టర్ ఫైలు పట్టుకుని నిలబడటమే ఎక్కువ. మీరు మాత్రం అడగండి, నైట్ డ్యూటీ రిజిస్ట్రార్లు (డ్యూటీ డాక్టర్లు) ఖాళీ ఉంటే బాగానే చెబుతారు. డ్యూటీ దిగాక ఒక కేసు నోట్‌బుక్‌లో రాసుకోండి, పేషెంట్ పేరూ ఐపీ నంబరూ వద్దు: ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ చూసే పరీక్ష) ఎలా వచ్చింది, వెంటిలేటర్‌లో ఏం మార్చారు, ఎందుకు. వీలైతే సీటీవీఎస్ (గుండె, ఛాతీ, రక్తనాళాల ఆపరేషన్ల) ఐసీయూకి పోస్టింగ్ అడగండి. ఇంకోటి, బెంగళూరు ఐసీయూల్లో హ్యాండోవర్ సగం మలయాళం, సగం హిందీలో నడిచిపోతుంది కదా, మీ పేషెంట్ వరకైనా మొత్తం ఇంగ్లిషులో చెప్పడం అలవాటు చేసుకోండి.

అమెరికా వెళ్లాక సీసీఆర్ఎన్ (క్రిటికల్ కేర్ నర్సులకిచ్చే సర్టిఫికేషన్) పరీక్ష రాయండి, మామూలు దారిలో దానికి గత రెండేళ్లలో 1,750 గంటల క్రిటికల్ కేర్ పని చూపాలి. ఫిజియాలజీ, కెమిస్ట్రీ మార్కులు తక్కువుంటే అక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఆ సబ్జెక్టులు మళ్లీ చదవచ్చు, చాలా స్కూళ్లు జీపీఏ 3.0కి తగ్గితే చూడవు. రెఫరెన్స్ లెటర్ మీ పని కళ్లారా చూసిన మేనేజర్ రాస్తేనే విలువ, ఎంత పెద్ద హోదా ఉన్నవాళ్లయినా ముఖపరిచయంతో రాసిస్తే తేలిపోతుంది. ఒక సీఆర్ఎన్ఏ వెంట ఆపరేషన్ థియేటర్‌లో కొన్ని రోజులు ఉండి చూడండి, ఆ పని మీకు నచ్చుతుందో లేదో కూడా తెలుస్తుంది.

2022 నుంచి కొత్తగా చేరేవాళ్లందరికీ ఇది డాక్టరేట్ కోర్సే, కనీసం మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఉద్యోగం దాదాపు కుదరదు, చాలాచోట్ల ఫీజే లక్ష డాలర్లు దాటుతుంది. పెళ్లి, పిల్లలు, ఇంటికి పంపే డబ్బు, ఇవన్నీ ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ప్రశ్న: మా తమ్ముడు చెన్నైలో బీఎస్సీ అనస్థీషియా టెక్నాలజీ ఫైనలియర్. వాడు కూడా ఎన్‌క్లెక్స్ రాసి ఇలా వెళ్లొచ్చా?
- ఒక అక్క, అంబత్తూరు

జవాబు: కుదరదు. ఎన్‌క్లెక్స్ నర్సింగ్ చదివినవాళ్లకే. థియేటర్‌లో అనస్థీషియా మెషీన్ పక్కనే ఉన్నా మీ తమ్ముడిది టెక్నాలజిస్ట్ డిగ్రీ. అమెరికాలో అనస్థీషియాలజిస్ట్ అసిస్టెంట్ అని వేరే మాస్టర్స్ కోర్సు ఉంది, దానికి నర్సింగ్ అక్కర్లేదు, కానీ మెడిసిన్‌కు అడిగే సైన్స్ సబ్జెక్టులు అడుగుతారు, ఆ ఉద్యోగం కూడా అన్ని రాష్ట్రాల్లో లేదు. వాడి సిలబస్ దగ్గర పెట్టుకుని, రెండు మూడు యూనివర్సిటీల వెబ్‌సైట్లలో ఏ సబ్జెక్టులు కావాలన్నారో మీరే పోల్చి చూడండి. ఆ పనికి ఏజెంటు అవసరం లేదు.