పైలట్ జీతం: గంటలు తగ్గిన నెలలో చేతికెంత?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు వేస్తాం. మా అమ్మాయి 200 గంటల ఫ్లయింగ్ పూర్తిచేసి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తెచ్చుకుంది. ఇప్పుడు రెండు ఆఫర్లు చేతిలో ఉన్నాయి. ఒకటి పెద్ద కంపెనీ, ఎయిర్‌బస్ జెట్ మీద. స్థిర జీతం 50,000, ఎగిరిన గంటకు 2,500, నెలకు 40 గంటలు గ్యారంటీ, అంటే అంతకన్నా తక్కువ ఎగిరినా 40 గంటల డబ్బిస్తారు. 'నెలకు 2,25,000 దాకా వస్తుంది' అన్నారు. కానీ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక ట్రైనింగ్) ఖర్చు 14 లక్షలు మేమే కట్టుకోవాలి. రెండోది చిన్న కంపెనీ, ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం మీద. స్థిర జీతం 70,000, గంటకు 1,600, గ్యారంటీ 70 గంటలు. ట్రైనింగ్ ఖర్చు వాళ్లదే, మూడేళ్ల బాండ్ రాయాలి. చదువు లోన్‌కి నెలకు 72,000 ఈఎంఐ ఉంది. చుట్టాలందరూ పెద్ద కంపెనీయే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా అమ్మాయికి నా అభినందనలు. లైసెన్స్ చేతిలో పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసే పిల్లల్ని చూస్తుంటాను. రెండు ఆఫర్ల మధ్య తేల్చుకోలేకపోవడం మంచి ఇబ్బందే.

మీరు పొగాకు రైతు కాబట్టి విషయం మీకు సులువుగా అర్థమవుతుంది. వేలం కేంద్రంలో ఒక మేలు బేలుకి పలికిన గరిష్ఠ ధర పేపర్లో పడుతుంది. మీరు మాత్రం అప్పు లెక్క వేసుకునేది సగటు ధర మీద. లో గ్రేడ్ ఎంత ఉంది, ఎన్ని బేళ్లు నో బిడ్ అయి ఇంటికి తిరిగొచ్చాయి అన్నది చూసుకున్నాకే కదా సీజన్ ఎలా గడిచిందో చెబుతారు. 'నెలకు 2,25,000 దాకా' అన్న మాట ఆ గరిష్ఠ ధర లాంటిది. అది 70 గంటలు ఎగిరిన నెల లెక్క. 40 గంటలే ఎగిరితే అదే ఉద్యోగంలో 1,50,000 వస్తుంది. చిన్న కంపెనీలో 70 గంటల గ్యారంటీ ఉంది కాబట్టి విమానం ఎగిరినా ఎగరకపోయినా 1,82,000. ఇదంతా పన్ను, పీఎఫ్ కోయకముందు మాట.

కాగితం మీద వేసి చూడండి. మంచి నెలలో పెద్ద కంపెనీ 43,000 ఎక్కువిస్తుంది, డల్ నెలలో 32,000 తక్కువిస్తుంది. అమ్మాయి ఏడాది పొడవునా సగటున నెలకు 53 గంటలు దాటి ఎగిరితేనే పెద్ద కంపెనీ జీతం చిన్నదాన్ని దాటుతుంది. ఇక మీరు కట్టే 14 లక్షలు. దాన్ని మూడేళ్లకు పంచితే వడ్డీ లేకుండానే నెలకు 38,900 దాకా పడుతుంది. అంటే ఆ మూడేళ్లూ మంచి నెలలో కూడా మీకు మిగిలే తేడా 4,000 రూపాయలు. మీ చుట్టాలు చూస్తున్న పెద్ద అంకెలో ఈ లెక్క కనపడదు.

గంటలు ఎందుకు తగ్గుతాయంటే కారణాలు చాలా. విమానాలు రిపేరుకు ఆగిపోవచ్చు, సీజన్ పడిపోవచ్చు, కొత్త పైలట్లు ఎక్కువైపోవచ్చు. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు నేల మీద నిలబడ్డప్పుడు గంటల మీద ఆధారపడ్డ జీతాలు ఎలా కుంగాయో చూశాం. పై పరిమితి కూడా ఉంది. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నియమం ప్రకారం పైలట్ ఏడాదికి 1,000 గంటలు మించి ఎగరకూడదు. సగటున నెలకు 83 గంటలన్న మాట. కాబట్టి 'ఎక్కువ ఎగిరితే ఎక్కువ' అన్న ఆశకు అక్కడ గీత ఉంది.

రెండేళ్ల కిందట కావలి కుర్రాడొకడు జీతం స్లిప్పు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నాడు. మడతల దగ్గర అంకెలు చెరిగిపోయినా కింది వరస మాత్రం బాగా కనపడుతోంది, దాని కింద ఎర్ర పెన్నుతో గీసి ఉంది: ఫ్లయింగ్ 38 గంటల 20 నిమిషాలు. ఆ నెలలో అతను 22 రోజులు డ్యూటీలోనే ఉన్నాడు. కొన్ని రోజులు స్టాండ్‌బై అని గదిలో యూనిఫాం వేసుకుని ఫోన్ కోసం కూర్చున్నాడు, కొన్ని రోజులు వేరే ఊరి నుంచి విమానం తేవడానికి ప్రయాణికుడిలా వెళ్లాడు. ఆ రోజులకు గంటల లెక్కలో ఏమీ పడలేదు. 'సార్, నేనేం ఖాళీగా లేను కదా' అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే స్టాండ్‌బైకి, ప్రయాణికుడిగా వెళ్లే డ్యూటీకి, సిమ్యులేటర్ రోజులకు ఎంత ఇస్తారో మీ అమ్మాయి రెండు కంపెనీలనూ మెయిల్‌లో అడగాలి. గంటను టైంటేబుల్ ప్రకారం లెక్కిస్తారా, విమానం కదిలి ఆగేదాకా పట్టిన అసలు సమయాన్నా అన్నది కూడా. ఫోన్‌లో చెప్పిన జవాబుకి విలువ లేదు.

ట్రైనింగ్ నెలల సంగతి మర్చిపోకండి. చేరిన రోజు నుంచే ఫుల్ జీతం మొదలవదు. టైప్ రేటింగ్, సిమ్యులేటర్, లైన్ ట్రైనింగ్ (ప్రయాణికులున్న విమానంలో సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవడం) అయ్యేసరికి నెలలు గడుస్తాయి, అప్పటిదాకా చాలా చోట్ల స్టైపెండే. బ్యాంకు మాత్రం 72,000 అడుగుతూనే ఉంటుంది. ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకోగలరేమో ఇప్పుడే చూసుకోండి.

బేస్, అంటే డ్యూటీ మొదలయ్యే ఊరు, ఎక్కడ అన్నది కూడా జీతంలో భాగమే. కొత్త నియమాలతో వారానికి వరసగా 48 గంటల విశ్రాంతి ఇవ్వాలి. చెన్నై బేస్ అయితే పినాకిని ఎక్కి ఒంగోలులో దిగొచ్చు, హైదరాబాద్ అయినా రాత్రి బస్సుంది. ఢిల్లీ అయితే ఆ రెండు రోజులూ దారికే చాలవు, పైగా అక్కడ ఇంటి అద్దె వేరు. స్టాఫ్ టికెట్ ఉందిగా అంటారు. సీటు ఖాళీ ఉంటేనే అది పనికొస్తుంది, సంక్రాంతికి దాన్ని నమ్ముకోలేం.

బెనిఫిట్లలో నేను అన్నిటికన్నా ముందు చూసేది లైసెన్స్ పోతే ఇచ్చే ఇన్సూరెన్స్. పైలట్ క్లాస్ 1 మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష పాసవుతూనే ఉండాలి. చెవిలోనో గుండెలోనో చిన్న తేడా వచ్చినా ఉద్యోగం ఆగిపోతుంది, అప్పు ఆగదు. పాలసీ మొత్తం మీ లోన్ కన్నా తక్కువుంటే సొంతంగా ఇంకొకటి తీసుకోవాలి. టెంపరరీగా అన్‌ఫిట్ అయిన నెలల్లో ఏమిస్తారో కూడా అడగండి. ఆడపిల్ల కాబట్టి ఇంకోటి: చట్టప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు జీతంతో ఇవ్వాలి. ఆ జీతంలో గంటల డబ్బు కలుస్తుందా లేదా అన్నదాని మీదే చేతికొచ్చేది ఆధారపడుతుంది. ఇప్పుడే అడగడానికి మొహమాటపడొద్దని అమ్మాయికి చెప్పండి. ఇక పీఎఫ్ 15,000 మీద నెలకు 1,800 కడతారా, మొత్తం బేసిక్ మీద 12 శాతమా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోయే ప్రశ్న.

కంపెనీ పెద్దదైతే భద్రం అనుకోకండి. జెట్ ఎయిర్‌వేస్ ఎంత పెద్దది! 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. చిన్న కంపెనీకి రిస్క్ ఇంకా ఎక్కువే, నేను కాదనను. అందుకే అక్కడ పనిచేస్తున్న ఇద్దరు కో-పైలట్లను పట్టుకుని, గత 12 నెలల్లో జీతం ఏ తారీఖున పడిందో అడగమనండి.

నా అభిప్రాయం అడిగితే, మీ ఈఎంఐ చూశాక నేను ఏటీఆర్ వైపే మొగ్గుతాను. జెట్ గంటలకు తర్వాత విలువ ఎక్కువన్న మాట నిజం. ఏటీఆర్ నుంచి ఎయిర్‌బస్‌కి మారాలంటే మళ్లీ టైప్ రేటింగ్ కావాలన్నదీ నిజమే. కానీ కెప్టెన్ కావాలంటే ముందు ఏటీపీఎల్ (సీపీఎల్ కన్నా పై స్థాయి లైసెన్స్), దానికి 1,500 గంటలు. నెలకు 70 గంటలు ఎగిరితే మిగిలిన 1,300 గంటలు 19 నెలల్లో అయిపోతాయి, 40 చొప్పునైతే 32 నెలలకు పైనే. 70 గంటలకు డబ్బిచ్చే కంపెనీ ఊరికే కూర్చోబెట్టదు. పెద్ద కంపెనీ ఆ 14 లక్షలు తనే భరిస్తానని రాసిస్తే మాత్రం నా మాట మారుతుంది.

బాండ్ కాగితం లైను లైనూ చదవండి. మధ్యలో మానేస్తే కట్టాల్సింది పనిచేసిన నెలలను బట్టి తగ్గుతుందా, చివరిదాకా మొత్తం ఒకటేనా? కంపెనీయే తీసేసినా కట్టాలా? దీనికి తోడు 2017 నుంచి డీజీసీఏ నియమం ప్రకారం కో-పైలట్ మానేయాలంటే 6 నెలలు, కెప్టెన్ అయితే ఏడాది ముందే నోటీసివ్వాలి. బాండ్‌కి బ్యాంక్ గ్యారంటీ అంటూ పొలం పాస్‌బుక్ అడిగితే, సంతకం పెట్టకముందు ఆ కాగితాలు తీసుకుని ఒకసారి ఒంగోలు రండి, కలిసి చదువుదాం.