మెషిన్ కొత్తదే... ఉత్పత్తి ఎందుకు పెరగలేదు?

ప్రశ్న: మాది ప్లాస్టిక్ విడిభాగాలు చేసే చిన్న యూనిట్. అప్పు చేసి కొత్త మోల్డింగ్ మెషిన్ కొన్నాం. ఏడాది గడిచినా ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇదే మెషిన్‌తో మా పోటీదారు మాకంటే చాలా ఎక్కువ తీస్తున్నాడు. మా వర్కర్లకు శ్రద్ధ లేదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక యూనిట్ యజమాని

జవాబు: వర్కర్ల సంగతికి తర్వాత వస్తాను. మీ ఉత్తరంలో కొత్త మెషిన్ ఉంది, అప్పు ఉంది, పోటీదారు ఉన్నాడు. ఆ మెషిన్ రోజుకు ఎన్ని గంటలు ఆగి ఉంటోందో మాత్రం ఎక్కడా లేదు. ఏ ఫ్యాక్టరీకి సలహా కోసం వెళ్లినా నేను మొదట అడిగేది అదే. నిన్న ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది? చాలాచోట్ల ఫోర్‌మన్ నోటి లెక్క చెబుతారు తప్ప కాగితం మీద ఉండదు.

మీ పోటీదారుతో ఉన్న తేడా చూసి కంగారు పడకండి. అమెరికాలో కూడా ఒకే పరిశ్రమలోని మెరుగైన ప్లాంటు వెనకబడిన ప్లాంటుకు దాదాపు రెట్టింపు తీస్తుంది, అదే శ్రమతో, అదే పెట్టుబడితో. భారత్, చైనాల్లో ఈ తేడా సగటున ఐదు రెట్లు దాటిపోయింది. చాంగ్-తాయ్ షియే, పీటర్ క్లెనో అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన లెక్కల్లో తేలింది ఈ రెండో విషయం. అంటే వర్ధమాన దేశాల్లో బాగా నడిచే ఫ్యాక్టరీలు లేవని కాదు. ఉన్నాయి, వాటి పక్కనే బాగా నడవనివి కూడా ఎక్కువగా బతుకుతున్నాయి.

ఎందుకు నడవవు? దీనికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు ముంబయి దగ్గరి బట్టల మిల్లుల్లో దొరికింది. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, మరికొందరు పరిశోధకులు కొన్ని మిల్లులకు ఐదు నెలల పాటు ఉచితంగా కన్సల్టెంట్లను పంపారు. కొత్త మగ్గాలు ఇవ్వలేదు. మగ్గం ఎందుకు ఆగిందో రాయించారు, బట్టలో లోపాలను రకాలవారీగా రోజూ నమోదు చేయించారు, నూలు స్టాకు లెక్క పెట్టించారు, పనిముట్లకు చోటు చూపించారు. ఆ లెక్కలు ముందు పెట్టుకుని మేనేజర్లు రోజూ కాసేపు కూర్చునేలా చేశారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత, అంటే అదే శ్రమ, అదే పెట్టుబడితో తీసే ఉత్పత్తి, 17 శాతం పెరిగింది. ఇంత లాభం ఉన్నప్పుడు యజమానులే ముందుగా ఎందుకు చేయలేదు? కొన్ని పద్ధతులు వాళ్లకు తెలియవు. తెలిసినవి తమకు అక్కర్లేదనుకున్నారు, ‘మా నాణ్యత బాగానే ఉంది కదా’ అని.

ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే ఆ పద్ధతుల్లో దాదాపు సగం వదిలేశారు. మేనేజర్ మారిపోవడం, యజమానికి తీరిక లేకపోవడం అందుకు ముఖ్య కారణాలు. ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మెషిన్ ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో రాసే లాగ్‌బుక్ పెట్టించడం ఒక్క పూట పని. దాన్ని రోజూ ఎవరో ఒకరు చదివి, అందులోని ఒక్క సమస్యనైనా ఆరోజు తేల్చాలి. చిన్న యూనిట్‌లో ఆ ‘ఎవరో ఒకరు’ మీరే.

లాగ్‌బుక్ మొదలుపెడితే మీకు మొదట కనిపించేది మోల్డ్ (అచ్చు) మార్పు అని నా అంచనా. కొత్త మెషిన్ ఎంత వేగంగా ముక్కలు పోసినా, మోల్డ్ మార్చడానికి సగం షిఫ్ట్ పోతే ఆ వేగం ఎందుకూ కొరగాదు. మెషిన్ ఆగితేగానీ కుదరని పనులేవో, ఆగకముందే చేసుకోగలిగినవేవో విడదీయండి. తర్వాతి మోల్డ్ స్టోర్స్ నుంచి తెచ్చి పక్కన పెట్టడం, క్లాంపులు, బోల్టులు, స్పానర్లు ఒక ట్రేలో సర్దడం, గ్రాన్యూల్స్ (ప్లాస్టిక్ గుళికలు) ఆరబెట్టడం... వీటికి మెషిన్ ఆపక్కర్లేదు. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్‌కు (రేకును నొక్కి ఆకారమిచ్చే యంత్రం) డై, అంటే దాని అచ్చు, మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షిగియో షింగో అనే జపాన్ ఇంజినీర్ ఈ పద్ధతిలోనే దాన్ని గంటన్నరకు, ఆ తర్వాత మూడు నిమిషాలకు తెచ్చారు. మీకు మూడు నిమిషాలు అక్కర్లేదు. ఇప్పుడు పట్టే సమయంలో సగానికి తెచ్చినా నెలాఖరు లెక్కలో తెలిసిపోతుంది.

ఇక వర్కర్ల శ్రద్ధ. పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో చేతితో కుట్టే ఫుట్‌బాళ్లు చేస్తారు. ఒక్కో బంతికి 20 షడ్భుజాలు, 12 పంచభుజాలు రెక్సిన్ షీటు నుంచి కోయాలి. పంచభుజాల దగ్గర వేస్టు ఎక్కువ. ఆ వేస్టు తగ్గించేలా ముక్కలు కోసే కొత్త డైని పరిశోధకులు అక్కడి 35 కంపెనీలకు ఉచితంగా ఇచ్చారు. ఏడాది దాటినా వాడుతున్నవి చాలా కొద్ది. కారణం ఏమిటంటే, కోసేవాళ్లకు కూలి ముక్కల లెక్కన. కొత్త డైతో మొదట్లో చేయి నెమ్మదిస్తుంది, అంటే కూలి తగ్గుతుంది. మిగిలే రెక్సిన్ డబ్బేమో యజమానికి వెళుతుంది. దాంతో ఆ డై పనికిరాదని వాళ్లు యజమానులకు చెప్పారు. తర్వాత కొన్ని కంపెనీల్లో, కొత్త డైతో కోయడం వచ్చని చూపిస్తే ఒక నెల కూలికి దగ్గరగా బోనస్ ఇస్తామని పరిశోధకులు అన్నారు. అక్కడ వాడకం పెరిగింది.

వాళ్లది అశ్రద్ధ అంటే నేను ఒప్పుకోను. ఇంట్లో పొయ్యి వెలగాల్సిన మనిషి వేసుకున్న సరైన లెక్క అది. మీ ఆపరేటర్లకు కూలి దేన్ని బట్టి వస్తోంది? కొత్త మెషిన్ నేర్చుకునే వారాల్లో వాళ్లకు ఏమైనా తగ్గిందా? ఉత్పత్తి పెరిగితే టార్గెట్ పెంచి అదే జీతం ఇస్తారనే భయం ఉందా? కూర్చోబెట్టి అడగండి. నేర్చుకునే కాలానికి పాత సగటు కూలి తగ్గదని ముందే మాట ఇవ్వండి, మిగులులో వాటా ఎంతో కూడా చెప్పండి.

ప్రశ్న: కరెంటు కోతలే మా అసలు సమస్య. ఈ మేనేజ్‌మెంట్ కబుర్లు ఎందుకు?
– మరో యజమాని

జవాబు: కోతల నష్టం నిజమే. భారత ఫ్యాక్టరీలపై 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం విద్యుత్ కొరత వల్ల సగటు ప్లాంటు రాబడి 5 నుంచి 10 శాతం తగ్గింది. జనరేటర్ లేని చిన్న యూనిట్లకు దెబ్బ ఇంకా ఎక్కువ. అయితే ఉత్పాదకత మాత్రం అంతగా పడిపోలేదు. కరెంటు లేనప్పుడు ముడిసరుకు ఖర్చు కాదు, తర్వాత వాడుకోవచ్చు. కోత వేళలు ముందే తెలిస్తే మోల్డ్ మార్పు, గ్రీజింగ్, శుభ్రం చేయడం ఆ గంటల్లోకి జరపండి. మిగతాది ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన విషయం, అందులో మీ సంఘంతో నేనూ గొంతు కలుపుతాను.

ప్రశ్న: నేను కుట్టు లైన్ సూపర్‌వైజర్‌ని. ఎండలు ముదిరితే మా లైన్‌లో ఉత్పత్తి పడిపోతుంది. ‘సాకులు చెప్పొద్దు’ అంటున్నారు మా మేనేజర్. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సూపర్‌వైజర్

జవాబు: మీరు చెప్పేది సాకు కాదమ్మా. బెంగళూరు చుట్టుపక్కల దుస్తుల ఫ్యాక్టరీల్లో పాత ట్యూబ్‌లైట్లు తీసి ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు కుట్టు హాళ్లలో వేడి తగ్గింది. ఎండ రోజుల్లో పడిపోయే ఉత్పాదకత చాలావరకు నిలబడింది. కరెంటు బిల్లు కోసం చేసిన మార్పు కుట్టేవాళ్లకూ మేలు చేసింది. మీరు ఒక థర్మామీటర్ లైన్ మధ్యలో తగిలించండి. గంట గంటకూ వేడి ఎంతో, ఆ గంటలో ఎన్ని పీసులు వచ్చాయో ఒకే కాగితం మీద పక్కపక్కనే రాయండి. రెండు వారాల కాగితాలు చేతికొచ్చాక మేనేజర్‌తో మాట్లాడండి. ఫ్యాన్లు, తాగునీళ్లు, మధ్యాహ్నం పది నిమిషాల విరామం ముందు అడగండి, లైట్ల మార్పు ఆ తర్వాత.