మోడల్ సంగతి తర్వాత, ముందు పైప్‌లైన్ చూసుకో

అమ్మలూ,

మెషిన్ లెర్నింగ్ మోడల్ పని నీ చేతికొచ్చిందని తెలిసి చాలా సంతోషమేసింది. ఏ అల్గారిదం వాడాలని అడిగావు కదా, అది తర్వాత చూద్దాం. ముందు పైప్‌లైన్, అంటే డేటా తీసుకోవడం నుంచి స్కోరు వచ్చేదాకా నడిచే పని మొత్తం, చూసుకో. ఒకే కోడ్‌ని ఒకే డేటా మీద రెండుసార్లు నడిపితే రెండుసార్లూ ఒకే స్కోరు వచ్చేలా చెయ్యి. అది కుదిరేదాకా, యాక్యురసీ అర శాతం పెరిగినా నీ మార్పు వల్ల పెరిగిందో, ఊరికే ఊగిందో తేల్చుకోలేవు.

సీడ్ (రాండమ్ సంఖ్యలు ప్రతిసారీ ఒకే వరుసలో రావడానికి ఇచ్చే అంకె) పెట్టేశాను కదా బాబాయ్ అంటావేమో. నేనూ అలాగే అనుకుని మూడు రోజులు పోగొట్టుకున్నాను. ల్యాప్‌టాప్‌లో ఒక స్కోరు, సర్వర్‌లో ఇంకో స్కోరు. కోడ్ అదే, సీడ్ అదే, ఫోల్డర్‌లో ఫైళ్లూ అవే. టెన్షన్‌తో నిద్ర కూడా పట్టలేదు. చివరికి టెస్ట్ సెట్‌లోకి (మోడల్‌ని పరీక్షించడానికి పక్కన పెట్టే డేటాలోకి) వెళ్లిన ఫైళ్ల పేర్లు రెండు చోట్లా ప్రింట్ చేసి పక్కపక్కన పెట్టి చూస్తే, చాలావరకు వేరువేరు! పైథాన్‌లో ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లిచ్చే లిస్ట్‌డిర్ వాటిని ఒక ఖాయమైన వరుసలో ఇవ్వదు. వరుస మారితే అదే సీడ్‌తో షఫుల్ చేసినా వేరే ఫైళ్లు టెస్ట్‌లో పడతాయి. పేర్లని సార్ట్ చేశాక స్కోర్లు కలిశాయి.

అప్పటినుంచి నేను రికార్డు ఐడీని హ్యాష్ చేసి (అంటే లెక్కగట్టి ఒక సంఖ్యగా మార్చి), దాన్నిబట్టే ట్రైన్‌లోకో టెస్ట్‌లోకో పంపుతున్నాను. కొత్త రికార్డులు ఎన్ని చేరినా పాతవి ఉన్నచోటే ఉంటాయి. పైథాన్ సొంత హ్యాష్ ఫంక్షన్ మాత్రం వద్దు, స్ట్రింగ్‌లకి అది మామూలుగా రన్ రన్‌కీ మారిపోతుంది. ఎప్పుడూ ఒకే జవాబిచ్చే ఎండీ5 లాంటి హ్యాష్ వాడు.

లైబ్రరీ వెర్షన్లు లాక్ ఫైల్‌లో (ఏ లైబ్రరీ ఏ వెర్షనో కచ్చితంగా రాసుండే ఫైల్‌లో) పెట్టి, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో చేర్చు. సైకిట్-లెర్న్ లైబ్రరీ 0.22 వెర్షన్‌లో రాండమ్ ఫారెస్ట్ అనే అల్గారిదం వాడే నిర్ణయ చెట్ల డిఫాల్ట్ సంఖ్య 10 నుంచి 100 అయింది. కోడ్‌లో అక్షరం మారకపోయినా ఫలితం మారిపోతుంది. ప్రోగ్రామ్‌ని లైబ్రరీలతో సహా ప్యాక్ చేసే డాకర్‌లో ‘లేటెస్ట్’ ట్యాగ్ వాడొద్దనేదీ ఇందుకే, దాని వెనక వెర్షన్ మారిపోవచ్చు.

రోజూ మారే టేబుల్ నుంచి నేరుగా ట్రైనింగ్ చెయ్యకు. ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న కాపీ) తీసి, డేటా వెర్షన్లు దాచే డీవీసీతో వెర్షన్ చెయ్యి. ముడి డేటాని చేత్తో ఎప్పుడూ దిద్దకు.

ప్రతి రన్‌కీ కమిట్ ఐడీ (గిట్‌లో ఆ కోడ్ వెర్షన్‌ని గుర్తించేది), కాన్ఫిగ్ (సెట్టింగులు), డేటా హ్యాష్, స్కోరు రాసిపెట్టుకో. రన్‌ల రికార్డు ఉంచే ఎంఎల్‌ఫ్లో అనే టూల్ ఉంటే మంచిదే, మొదట్లో సీఎస్‌వీ ఫైల్ అయినా చాలు. కమిట్ చెయ్యని మార్పులుంటే రన్ మొదలవకుండా ఆపేసే చెక్ ఒకటి పెట్టు. విసుగనిపిస్తుంది, అయినా ఈ ఒక్కటి నా మాట విను.

జీపీయూ మీద చివరి అంకెలు తేడా వస్తే కంగారుపడకు. సమాంతరంగా కూడేటప్పుడు వరుస మారితే ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ) సంఖ్యల కూడిక ఫలితం కాస్త మారుతుంది. పైటార్చ్ లైబ్రరీలో డిటర్మినిస్టిక్ (ప్రతిసారీ ఒకే ఫలితమిచ్చే) సెట్టింగ్ ఉంది, కానీ వేగం తగ్గొచ్చు. బగ్ వెతికేటప్పుడు ఆన్ చేసుకో. అసలు ట్రైనింగ్‌కి నాలుగైదు సీడ్లతో నడిపి, స్కోరు ఎంత మేర ఊగుతోందో చూసుకో.

ఈ వారం రిపోని (గిట్‌లో ఉన్న ప్రాజెక్ట్‌ని) ఖాళీ ఫోల్డర్‌లోకి క్లోన్ (కాపీ) చేసి, ఒకే కమాండ్‌తో మొదటినుంచి చివరిదాకా నడిపించు. ఎక్కడ ఆగిందో ఆ ఎర్రర్ మొత్తం నాకు పంపు.

ఆశీస్సులతో,
బాబాయ్