డల్సిమర్ తీగ ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: అమెరికా జానపద గాయని జీన్ రిచీ పాటలంటే ప్రాణం. మా అబ్బాయి అమెరికా నుంచి, ఒళ్లో పెట్టుకుని వాయించే మూడు తీగల వాద్యం డల్సిమర్ తెచ్చాడు. ఫోన్‌లో చూసి శ్రుతి చేస్తుంటే సన్నతీగ తెగిపోతోంది. ఆవిడ గురించి కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: ఫోన్‌లో 'ఎ' అన్న పాశ్చాత్య స్వరం అక్షరం చూసి పై స్థాయి దాకా బిగిస్తున్నట్టున్నారు. 220 హెర్ట్జ్ దగ్గరే ఆపండి. లావుతీగ 'డి', అంటే రెండు కట్టై శ్రుతిలో షడ్జం, 147 హెర్ట్జ్. నడిమి తీగా, సన్నతీగా రెండూ పంచమమే. ఇక సన్నతీగ మీద మూడో మెట్టు 'స' అవుతుంది, అక్కణ్నుంచి అచ్చంగా శంకరాభరణం స్వరాలే! అదే తీగను 294 హెర్ట్జ్‌కి పెంచితే ఖాళీ తీగ నుంచి హరికాంభోజి పలుకుతుంది. ఆరో మెట్టు పక్కన అదనపు మెట్టుంటే వదిలేయండి. పుల్లతో నొక్కేటప్పుడు మెట్టుకు కాస్త ఎడమగా ఆనించాలి, సరిగ్గా మెట్టు మీదే పెడితే నాదం మూగబోతుంది. సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

రిచీ 1922లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం వైపర్‌లో, 14 మంది పిల్లల్లో ఆఖరిదిగా పుట్టారు. ఇంటి పాటల మూలాలు వెతుక్కుంటూ 1952లో ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ ఉపకార వేతనం సాయంతో బ్రిటన్, ఐర్లాండ్ తిరిగారు. బొగ్గు తవ్వకాలు కొండల్ని పాడుచేస్తుంటే ఆ బాధను పాటలుగా కట్టారు. వాటిలో కొన్నిటికి 'థాన్ హాల్' అనే మగపేరు పెట్టుకున్నారు. 2015లో కన్నుమూశారు.