లెక్క రాని అబ్బాయికి ప్యాకింగ్ పని ఎలా నేర్పాలి?

ప్రశ్న: మేధో వైకల్యం ఉన్న 19 ఏళ్ల అబ్బాయి, పది దాకా లెక్కపెట్టలేడు. ప్యాకింగ్ చేయగలడా?

చేయగలడు. పది గుంటలున్న ట్రే ఇవ్వండి. గుంటకొకటి పెడతాడు, అన్నీ నిండితే పది అయినట్టే. పనిని చిన్న అంచెలుగా విడగొట్టి, చివరి అంచెతో మొదలుపెట్టండి: ముందు (మిగతా అంచెలు మీరే చేసిపెట్టి) కవరుకు సీలు వేయడం నేర్పండి, తర్వాత కవరు నింపడం, ఆఖరున ట్రే సర్దడం. అలాగైతే పని పూర్తిచేసిన తృప్తి మొదటి రోజే దక్కుతుంది.

ఎక్కువగా చెడేది ఎక్కడంటే, నేర్పేవాళ్లు పక్కనే నిలబడి "ఇప్పుడిది తియ్యి" అంటూనే ఉంటారు. ఇక ఆ మాట లేనిదే చెయ్యి కదలదు. చెయ్యి పట్టి చేయించడం నుంచి సైగకు, సైగ నుంచి మౌనానికి సాయం తగ్గించుకుంటూ రండి. వీలైతే ఉద్యోగం చేసే చోటే నేర్పండి. శిక్షణ కేంద్రంలో వచ్చిన పని కొత్త చోట దానంతటదే రాదు. ఏ పని నప్పుతుందో తేల్చుకోవడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థను (NIEPID) సంప్రదించవచ్చు.