డిప్‌స్టిక్ మాట వినండి: పాత మిలిటరీ డీజిళ్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వేలంలో పాత సైనిక వాహనాలు కొన్నవాళ్లవే. అందరి ధీమా ఒక్కటే: "మిలిటరీ బండి కదా, ఏది పోసినా నడుస్తుంది." ఇరవై ఆరేళ్లు వర్క్‌షాప్‌లో చేతులు నల్లగా చేసుకున్నవాణ్ణి. ఆ ధీమా వల్ల పాడైన పంపులు ఎన్ని విప్పానో లెక్కలేదు.

ప్రశ్న: నా దగ్గర అమెరికా సైన్యం వాడిన ఎమ్35ఏ2 ట్రక్కు ఉంది, మల్టీఫ్యూయల్ (రకరకాల ఇంధనాలతో నడిచే) ఇంజన్. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ వడకట్టి డీజిల్‌లో కలిపి వాడొచ్చని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

మీ స్నేహితుడు చెప్పినట్టు చేస్తే బండి నడుస్తుంది. ఎన్నాళ్లు నడుస్తుందన్నది వేరే సంగతి.

మీ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి 22:1, అంటే సిలిండర్‌లో గాలి ఇరవై రెండో వంతుకి నలుగుతుంది. అంతగా నలిగిన గాలి బాగా వేడెక్కుతుంది కాబట్టి, మామూలు డీజిల్ ఇంజన్‌లో సరిగా అంటుకోని ఇంధనం కూడా ఇందులో మండుతుంది. ఇంజన్‌కి ఇంధనం కొట్టే ఇంజెక్షన్ పంపులో ఇంకో ఏర్పాటు ఉంది. ఇంధనం పలచబడితే అది కనిపెట్టి, కొంచెం ఎక్కువ మోతాదు పంపి పవర్ తగ్గకుండా చూస్తుంది. యుద్ధంలో ఏది దొరికితే అది పోసుకుని కదలాలని చేసిన ఇంజన్ అది. డీజిల్, కిరోసిన్, విమాన ఇంధనం దానికి పడతాయి. పెట్రోల్ మాత్రం వేరే దారి లేనప్పుడే, ఎందుకంటే పంపుని తడిపే జిడ్డు అందులో లేదు.

వాడేసిన ఆయిల్ సంగతి అలా కాదు. అందులో మసి, లోహపు పొడి, ఒక్కోసారి కూలెంట్ కూడా ఉంటాయి. పంపులో ఇంధనాన్ని తోసే ప్లంజర్‌కీ, అది ఆడే బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మీరు గుడ్డలో వడకట్టినా, మంచి ఫిల్టర్‌లో వడకట్టినా, ఆ సందుని గీకే పొడి దాటిపోతూనే ఉంటుంది. ఆయిల్‌లోని కాల్షియం, జింక్ మండాక బూడిదై, ఇంధనం చిమ్మే నాజిల్ మూతుల మీదా, ఎగ్జాస్ట్ వాల్వుల మీదా కూర్చుంటాయి. ఏదైనా తాగుతుంది నిజమే, కానీ తాగినదల్లా అరగదు. నేనైతే పొయ్యను.

ప్రశ్న: మాస్టారూ, మా 6.2 లీటర్ల ఇంజన్ హమ్వీ (అమెరికా సైన్యపు జీపు లాంటి బండి) పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. గంట తిరిగి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. అరగంట చల్లారనిస్తే లేస్తుంది. రెండు బ్యాటరీలూ మార్చాను, స్టార్టర్ కూడా. కొన్నాళ్లు విమాన ఇంధనంతో నడిపాం. ఇంకేం మార్చాలి?

ఇంకేమీ మార్చకండి, ముందు ఒక తడిగుడ్డ తీసుకోండి. బండి వేడి మీద మొరాయించినప్పుడు చన్నీళ్లలో ముంచిన గుడ్డని ఇంజెక్షన్ పంపు మీద కప్పి, ఐదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టండి. లేచిందా, దొంగ దొరికినట్టే.

ఈ పాఠం నేను సిగ్గుపడుతూ నేర్చుకున్నాను. ఇలాంటి బండికే నేనూ మీలాగే బ్యాటరీలు, స్టార్టర్, గ్లో ప్లగ్గులు వరసగా మార్చాను. మూడో రోజు నా కింద పనిచేసే కుర్రాడు విసుగొచ్చి ఇంజెక్షన్ పంపు మీద నీళ్లు పోశాడు. బండి లేచింది. ఆ రోజు టీ ఖర్చు నాదే.

ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ప్లంజర్ వరసగా ఉండే ఇన్‌లైన్ పంపుల్లో చాలావాటికి ఇంజన్ ఆయిలే అందుతుంది. మీ బండిలో ఉన్న, తిరుగుతూ ఇంధనం పంచే రోటరీ పంపుకి ఆయిల్ అంటూ వేరే లేదు, ఇంధనమే దాని ఆయిల్. పలచని ఇంధనంతో లోపలి భాగాలు అరిగితే సందు పెరుగుతుంది. వేడికి ఇంధనం ఇంకా పలచబడి ఆ సందులోంచి వెనక్కి జారిపోతుంది. సెల్ఫ్ తిప్పే వేగానికి ఇంజెక్టర్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు. చల్లారితే చిక్కబడి మళ్లీ అందుతుంది.

నాటో దేశాలు విమానాలకీ బళ్లకీ ఒకే ఇంధనం ఉండాలని ఎఫ్-34ని, అంటే జేపీ-8ని తీసుకున్నాయి. మామూలు విమాన ఇంధనం జెట్ ఏ-1కి మంచు కట్టకుండా ఒకటి, స్టాటిక్ కరెంటు చేరకుండా ఒకటి, తుప్పు ఆపి జిడ్డు ఇచ్చేది ఒకటి కలిపితే జేపీ-8. ఆ మూడోది లేని ఉత్త జెట్ ఏ-1 రోటరీ పంపుకి బాగా చేటు. 1991 గల్ఫ్ యుద్ధంలో కూడా వేడి మీద స్టార్ట్ కాని బళ్లు తలనొప్పి తెచ్చాయి.

తడిగుడ్డకి బండి లేస్తే మీ పంపు అరిగినట్టే, రీబిల్డ్ చేయించక తప్పదు. ఆ తర్వాత డీజిలే పోయండి. తక్కువ గంధకం డీజిల్‌లో జిడ్డు తగ్గుతుందన్న మాట నిజమే, కానీ తగ్గించేది గంధకం లేకపోవడం కాదు. దాన్ని తీసేసే ప్రక్రియలో జిడ్డునిచ్చే ఇతర పదార్థాలు కూడా పోతాయి. అందుకే కంపెనీలు అడిటివ్ కలిపి అమ్ముతాయి. అనుమానం ఉంటే నూటికి రెండు పాళ్లు బయోడీజిల్ కలిపినా చాలు, జిడ్డు బాగా పెరుగుతుంది. ఎక్కువ కలిపితే మాత్రం పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఊడి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది.

ప్రశ్న: ఎమ్113లో (సైనికుల్ని మోసే పట్టాల బండి) 15డబ్ల్యూ-40 సీకే-4 రకం డీజిల్ ఇంజన్ ఆయిల్ పోశాను. నా జీపుకీ అదే పోస్తాను. తప్పా?

నాలుగు స్ట్రోకుల డీజిల్ జీపు అయితే నిశ్చింతగా పోసుకోండి. ఎఫ్ఏ-4 అని రాసిన డబ్బా మాత్రం తెరవకండి, అది పలచన, కొత్త ఇంజన్ల కోసం చేసింది.

డీజిల్ ఎమ్113లో ఉన్నది 6వీ53, రెండు స్ట్రోకుల ఇంజన్. అమెరికా సైన్యం తన మిల్-పీఆర్‌ఎఫ్-2104 ప్రమాణపు ఆయిల్‌ని ఇంజన్‌కీ, ట్రాన్స్‌మిషన్‌కీ, హైడ్రాలిక్స్‌కీ అన్నిటికీ వాడుతుంది, పది రకాల డ్రమ్ములు మోయలేక. ఇంజన్ చేసినవాళ్ల మాట వేరు: ఒకే గ్రేడు ఎస్ఏఈ 40, రెండు స్ట్రోకుల డీజిళ్ల కోసం చేసిన సీఎఫ్-2 రకం, మండాక మిగిలే బూడిద ఒక శాతం లోపు. కారణం ఉంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పిస్టన్ పిన్ మీద బరువు ఒక్కోసారి అటు తిరుగుతుంది, ఆ క్షణంలో ఆయిల్ లోపలికి చేరుతుంది. రెండు స్ట్రోకుల దాంట్లో ప్రతి చుట్టుకీ పేలుడే, పిన్ ఎప్పుడూ ఒకే వైపు అదిమి ఉంటుంది. పైగా లైనర్‌లో (సిలిండర్ లోపలి గొట్టం) గాలి వచ్చే రంధ్రాలు ఉంటాయి, వాటి అంచున మడ్డి కడుతుంది. ఇంజన్ ఇప్పుడే పోదు, కానీ తర్వాతి ఆయిల్ మార్పు దాకా ఆగకండి.

ప్రశ్న: మా ట్రక్కు ఆయిల్ తాగడం లేదు. పైగా డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద లెవెల్ పెరిగింది. సంతోషించాలా?

వద్దు, స్టార్ట్ కూడా చేయకండి. ఆయిల్ దానంతటది పెరగదు. ఒక చుక్క వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే, ట్యాంకులోంచి ఇంధనం లాగే లిఫ్ట్ పంపులోని డయాఫ్రం పొరో, ఇంజెక్టరో కారుతోంది. తెల్లగా మజ్జిగలా ఉంటే నీళ్లు చేరాయి. డీజిల్ కలిసిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి. మరీ నిండితే ఇంజన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుని మండించుకుంటుంది, అప్పుడు తాళం తిప్పినా ఆగదు. గాలి దారి మూసేయడానికి పలక లాంటిది దగ్గర పెట్టుకోండి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి.